గోడకు వీపు పెట్టి తీసిన ఫొటోలు

ముప్పై నాలుగేళ్ళ వయసుకే రిటైరయ్యానంటే మా ఇంట్లోనే ఎవరూ ఒప్పుకోరు. కాంట్రాక్టు అయిపోయింది అను, రిటైర్మెంట్ ఏమిటే అంటుంది అమ్మ. కానీ మా ఆఫీసులో నాకు శాలువా కప్పారు, సమోసాలు తెప్పించారు, ఒకాయన చేతిలో మైకు లేకపోయినా ఉన్నట్టే మాట్లాడాడు. రిటైర్మెంటుకు ఇంకేం కావాలి? బీటెక్ అవగానే చేరిన ఉద్యోగం. నేను చేసింది అదొక్కటే. ఇప్పుడు మేం పనిచేసిన ఆ చిన్న విభాగాన్ని, మా సెల్‌ను, మూసేసి, పనిని జోన్ ఆఫీసు ఇంజనీర్లకు అప్పగించారు. అక్కడ కొత్తగా చేరిన ఇద్దరు రోజూ వాయిస్ మెసేజ్‌లు పెడుతున్నారు: మేడం, అసలు ఈ పనిలో ఏం చేయాలి అని. ఇద్దరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. ఓపిక లేదన్న సంగతి శేరిలింగంపల్లి జోన్ మొత్తానికి తెలుసు. అందుకే ఒకేసారి రాసేస్తున్నాను. ఫైళ్ళ సంగతి రాయను, అది ఎవరైనా నేర్పుతారు.

పని ఏమిటంటే

ఐటీ కారిడార్ అంటే అందరికీ అద్దాల బిల్డింగులే. వాటి వెనకాల పొడుగాటి రాతిగోడలు కూడా ఉంటాయి. గోడకు అవతల మిలిటరీ వాళ్ళ స్థలం. ఇవతల గోడను ఆనుకుని బస్తీలు. అద్దాల బిల్డింగుల్లో వంట చేసేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు, క్యాబ్ నడిపేవాళ్ళు చాలామంది ఉండేది అక్కడే.

ఈ బస్తీల్లో ఒక మోరీ, అదే మురుగు కాలువ, తవ్వాలన్నా, స్తంభం పాతాలన్నా మిలిటరీ అనుమతి కావాలి. దాని కోసం తిరగలేక మామూలు నిధులన్నీ వేరే వీధులకు పోతాయి. అందుకని ఇలాంటి బస్తీల కోసమే ప్రభుత్వం విడిగా ఒక గ్రాంటు పెట్టింది. రోడ్డు, మోరీ, వీధిదీపం, కమ్యూనిటీ హాలు, ఏదైనా కట్టుకోవచ్చు. దాని అసలు పేరు పలికేలోపు చాయ్ చల్లారిపోతుంది. మేం గోడ పైసలు అనేవాళ్ళం.

ఈ ఉద్యోగంలో ఇంజనీరింగ్ పావలా వంతు. మిగతా ముప్పావలా మాట్లాడటం. గోడకు ఇవతలివాళ్ళు మిలిటరీ అంటే మనల్ని తరిమేవాళ్ళు అనుకుంటారు. అవతలివాళ్ళు బస్తీ అంటే గోడ దూకేవాళ్ళు అనుకుంటారు. ఇద్దరికీ మధ్యలో ఫోన్ పట్టుకుని నిలబడేది మీరు.

లైటు నేర్పిన పాఠం

నేను చేరిన కొత్తలో ఒక బస్తీ చివర పెద్ద స్తంభం మీద ఆరు లైట్లున్న హైమాస్ట్ పెట్టాం. అక్కడి నాయకుడికి అదంటే ప్రాణం. అలాంటి లైటు పెడితే నాలుగు వీధులకు కనిపిస్తుంది, స్తంభానికి తన పేరున్న బోర్డు కూడా కనిపిస్తుంది. ప్రారంభానికి టపాసులు కాల్చారు. వారం తిరక్కుండా మిలిటరీ వాళ్ళు ఆ లైటు ఆర్పించేశారు. గోడ మీద కాపలా గూడు ఉంది. మా వెలుతురు తిన్నగా అందులోకి కొడుతోంది. లోపలి సెంట్రీకి బయటేం కనిపించదు, బయటివాళ్ళకు మాత్రం అతను స్పష్టంగా కనిపిస్తాడు. కాపలావాడికి ఇంతకన్నా పెద్ద కష్టం ఉండదు.

బస్తీ వాళ్ళు మిలిటరీని తిట్టారు. నేను కూడా తిట్టాను. తర్వాత తెలిసిందేమిటంటే, అంత పెద్ద లైటు బస్తీ ఆడవాళ్ళు అడగనే లేదు. వాళ్ళకు కావాల్సింది నీళ్ళ పంపు దగ్గర ఒకటి, మలుపులో ఒకటి. చిన్న స్తంభాలు, కిందికి వంగిన లైట్లు పెట్టాం. ఇటువాళ్ళకు దారి కనిపించింది, అటువాళ్ళకు కళ్ళు కనిపించాయి. గోడకు రెండు పక్కలా అడగకుండా డ్రాయింగ్ తెరవకండి. నాయకుడికి కోపం వస్తుంది. రానివ్వండి, ఆయనకు వేరే ఏదైనా ప్రారంభం దొరుకుతుంది.

రాఘవులు సార్

నేను పని నేర్చుకుంది మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ రాఘవులు సార్ దగ్గర. వికారాబాద్ వైపు మనిషి. ఆయనకు ముందున్న అధికారి మిలిటరీకి ఉత్తరాలు రాసేవాడు. అద్భుతమైన ఇంగ్లీషు. అంతకన్నా అద్భుతమైన ఇంగ్లీషులో జవాబులు వచ్చేవి. పని మాత్రం అంగుళం కదిలేది కాదు.

సార్ వచ్చాక ముందు మనిషి వెళ్ళాలి, కాగితం తర్వాత వెళ్ళాలి అని పద్ధతి పెట్టారు. "చిట్టీ పంపితే చిట్టీ వస్తది. మనిషి పోతే చాయ్ వస్తది," అనేవారు. గేటు దగ్గర ఫోన్ అప్పగించి, లోపలికి వెళ్ళి, వాళ్ళిచ్చిన చాయ్ తాగి, ఎండల గురించి మాట్లాడి వచ్చేసేవారు. పని సంగతి రెండోసారి వెళ్ళినప్పుడే ఎత్తేవారు. నాకు ఒళ్ళు మండేది. నేను పెరిగిన హఫీజ్‌పేటలో లోకల్ రైలు కూడా అంత నెమ్మదిగా కదలదు.

ఆయనలో లోపం లేదని కాదు. ఎవరికీ కుదరదని చెప్పలేరు. "చూద్దాం" అంటారు. ఆ చూద్దాంలో ఏళ్ళు గడిచిపోయిన పనులున్నాయి. మీరు ఆయన చాయ్ నేర్చుకోండి, చూద్దాం నేర్చుకోకండి.

గోడబస్తీ దవాఖాన

ఇక అసలు సంగతి. ఇదొక్కటి అర్థమైతే మిగతాదంతా మీరే నేర్చుకుంటారు.

మణికొండ నుంచి దిగే వాలులో ఒక బస్తీ ఉంది. మా ఆఫీసులో దాన్ని గోడబస్తీ అనేవాళ్ళం. ఒకటే పొడుగు గల్లీ. పైన మెయిన్ రోడ్డు, కింద మిలిటరీ గోడ. వాన పడితే పైనున్న అపార్ట్‌మెంట్ల నీళ్ళు, పార్కింగుల నీళ్ళు, అన్నీ ఆ గల్లీలోకి దిగి, గోడకు కొట్టుకుని ఆగిపోతాయి. ఒకప్పుడు గోడలో తూము ఉండేదట, నీళ్ళు అవతలి నాలాలో పడేవట. ఎప్పుడో భద్రత కోసం దాన్ని మూసేశారు.

గల్లీ చివర, గోడకు నాలుగు అడుగుల ముందు, సర్కారు బస్తీ దవాఖాన ఉంది. రెండు గదులు, ఒక బెంచీ, టీకాలు పెట్టే ఫ్రిజ్. దాన్ని నడిపేది సిస్టర్ గ్రేసమ్మ. డాక్టర్ వారంలో కొన్ని రోజులే వస్తాడు, ఆమె రోజూ ఉంటుంది. అంతకుముందు వానాకాలంలో నీళ్ళు లోపలికొచ్చి ఫ్రిజ్ మునిగింది, టీకాలన్నీ పారేశారు. ఇంకొక్కసారి నీళ్ళు వస్తే దవాఖానను మెయిన్ రోడ్డు మీద కిరాయి బిల్డింగులోకి మారుస్తామని పైవాళ్ళు ఆమెకు చెప్పేశారు.

మెయిన్ రోడ్డు ఎంత దూరం అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. నిండు చూలాలైన ఒకామెను చూపించి, "ఈమెను ఆ గడ్డ ఎక్కించుకుని రా, నీకే తెలుస్తది," అంది గ్రేసమ్మ. ఆ ఎత్తు ఎక్కలేక ఎంతమంది బీపీ మాత్రలు మానేస్తారో, ఎంతమంది టీకా తేదీలు వదిలేస్తారో ఆమెకు ముందే తెలుసు. ఎవరెవరో పేర్లతో సహా చెప్పింది.

గోడ పైసల నుంచి మోరీ మంజూరు చేయించాం. గల్లీ పొడవునా మోరీ, చివర గోడలో తూము మళ్ళీ తెరవడం. సార్ మూడుసార్లు చాయ్ తాగి వచ్చారు. మిలిటరీ వాళ్ళు ఒప్పుకున్నారు. తూము మేమే తెరుస్తాం, ఇనుప ఊచలు మేమే పెడతాం, మీరు మోరీని గోడ దాకా తెచ్చి ఆపండి అన్నారు. అక్కడికి వాళ్ళ తరఫున వచ్చి పని చూసే మనిషి సుబేదార్ చిన్నారావు గారు. శ్రీకాకుళం ఆయన. తెలుగు వినగానే నాకు సగం బరువు దిగింది.

విజిల్

మన పనిలో డబ్బు విడతలుగా వస్తుంది. ఒక్కో విడతకు ఫొటో కావాలి. మామూలు ఫొటో కాదు, స్థలం, తేదీ దాని మీదే పడే యాప్‌లో తీయాలి. తవ్విన ఫొటో పెడితే కాంక్రీటు డబ్బు, కాంక్రీటు ఫొటో పెడితే మోరీ మీద కప్పే బిళ్ళల డబ్బు. ఫొటో లేకపోతే ఆ పని జరగనట్టే. మిలిటరీ గోడల మీద ఏం రాసుంటుందో మీకు తెలుసు. ఫొటోలు తీయరాదు. ఈ రెండు రూల్స్ నా కళ్ళ ముందే ఏళ్ళ తరబడి ఉన్నాయి. మిగతా పనులన్నీ గోడకు కాస్త ఎడంగా ఉండటంతో ఒకదానికొకటి తగల్లేదు. ఇక్కడ మాత్రం మోరీ తిన్నగా గోడలోకే వెళుతుంది.

తవ్వకం గోడ దాకా వచ్చిన రోజు నేను గల్లీలో నిలబడి, మోరీ మొత్తం పడేట్టు ఫోన్ ఎత్తాను. గోడ మీది కాపలా గూడులోంచి విజిల్. పట్టించుకోలేదు. రెండో విజిల్‌కు గేటులోంచి ఇద్దరు జవాన్లు వచ్చారు, వెనకాలే చిన్నారావు గారు.

"మేడం గారూ, కోపం తర్వాత పడుదురు గానీ, ముందు ఫోను ఇవ్వండి," అన్నారాయన.

నేను ముందే కోపం పడ్డాను. మోరీ మా సొంతానికి కడుతున్నామా, ఫొటో లేకపోతే పైసలు మీరిస్తారా, ఇది గోడ ఫొటోనా గుంత ఫొటోనా, ఇలా నోటికొచ్చినదంతా హిందీలో, తెలుగులో అన్నాను. బస్తీ అంతా బయటికొచ్చి చూసింది. కొందరు చప్పట్లు కొట్టారు. చప్పట్లు వినపడితే నాలాంటివాళ్ళు ఇంకా రెచ్చిపోతారు. అడిగినదాంట్లో తప్పుందని ఇప్పటికీ అనుకోను. అడిగిన చోటు తప్పు. గల్లీ మధ్యలో, పదిమంది ముందు, తన జవాన్లు చూస్తుండగా ఏ సుబేదార్ వెనక్కి తగ్గుతాడు?

సాయంత్రానికి ఫోన్ తిరిగి వచ్చింది, ఫొటోలు లేవు. దాంతోపాటు వాళ్ళ మేజర్ నుంచి మాట కూడా వచ్చింది: ఫొటోల సంగతి తేలేదాకా గోడ దగ్గర పని ఆపండి.

యాప్‌కు చాయ్ పోయలేం

తవ్విన గుంత అలాగే ఉంది. కాంట్రాక్టర్ విడత డబ్బు రాలేదని జేసీబీని కోకాపేట పనికి తోలుకుపోయాడు. గ్రాంటు హెడ్డాఫీసుకు ఫోన్ చేస్తే, మిలిటరీ పక్కన అయినా సరే ఫొటో తప్పదు, యాప్‌లో మినహాయింపు లేదు అన్నారు. మిలిటరీ పక్కన కట్టడానికే పెట్టిన గ్రాంటులో మిలిటరీ పక్కన ఉండే రూల్ సంగతి ఎవరికీ తట్టలేదు. దీని గురించి నేను ఇంకా మాట్లాడితే మళ్ళీ బీపీ పెరుగుతుంది.

సార్ నన్ను తిట్టలేదు. కుర్చీలో వెనక్కి వాలి, "మిలిటరీకి చాయ్ తాగుకుంట చెప్పుకోవచ్చు బిడ్డా. యాప్‌కు చాయ్ పోయలేం కద," అన్నారు. తర్వాత ఆయన ధోరణిలోనే చూద్దాం అన్నారు. ఈసారి చూడటానికి టైము లేదు. సాయంత్రాలు వికారాబాద్ వైపు నుంచి మబ్బులు లేస్తున్నాయి. గుంత తవ్విన మట్టి దవాఖాన మెట్టుకు ఆనుకుని ఉంది. అలాగే వాన పడితే పోయినసారి కన్నా ఘోరం, నీళ్ళతోపాటు బురద కూడా లోపలికి వస్తుంది.

నేను దవాఖానకు వెళ్ళి బెంచీ మీద కూలబడ్డాను. హెడ్డాఫీసును ఒక రౌండు, మిలిటరీని ఒక రౌండు తిట్టాను. గ్రేసమ్మ ఒక పాపకు సూది వేసి, ఏడుపు ఆపి, వాళ్ళమ్మకు జ్వరం మందు ఇచ్చి పంపేదాకా నావైపు చూడలేదు. తర్వాత అంది:

"అయిపోయిందా చెల్లె? ఎప్పుడొచ్చినా ఆ గోడనే చూస్తవు. లీడర్ వచ్చినా గోడనే చూపిస్తడు, టీవీవాళ్ళు వచ్చినా గోడనే తీస్తరు. జర ఈ దిక్కు తిరిగి తీస్తే ఏమైతది? మేం కనబడమా నీకు?"

ఆమె దెప్పిపొడిచింది, అంతే. ఉపాయం చెప్పాలని అనలేదు. కానీ నేను లేచి గుమ్మం దాటి బయటికొచ్చాను. గోడ దగ్గరికి వెళ్ళి, దానికి వీపు ఆనించి నిలబడ్డాను. గల్లీ మొత్తం పైదాకా కనిపించింది. నా కాళ్ళ దగ్గర మొదలై మెయిన్ రోడ్డు వరకూ మోరీ గుంత. పక్కనే దవాఖాన. స్థలం అదే, పని అదే. గోడ మాత్రం లేదు.

ఇన్నేళ్ళూ నేను పైనుంచి కిందికే వచ్చాను. బండి పైన ఆపుతాం, కిందికి దిగుతాం, ఎదురుగా ఉన్నది తీస్తాం. కింద ఉండేవాళ్ళు చూసే వైపు నుంచి ఒక్క ఫొటో కూడా తీయలేదు.

ఫోన్ మాత్రం ఎత్తలేదు. ఆ మాత్రం నేర్చుకున్నాను.

మా వైపు

సార్‌కు చెబితే, "నువ్వే పో. లొల్లి పెట్టిన నోరే మాట్లాడాలె," అన్నారు. వెళ్ళాను. గేటు దగ్గర అడగకముందే ఫోన్ తీసి ఇచ్చాను. చిన్నారావు గారు చాయ్ తెప్పించారు. సార్ పద్ధతి ప్రకారం ఎండల గురించి మొదలుపెట్టాను, రెండు ముక్కలకే మాటలు అయిపోయాయి. ఆయన నవ్వాపుకుంటూ, "మీకు ఈ పద్ధతి నప్పలేదండి. విషయం చెప్పండి," అన్నారు.

చెప్పాను. గోడకు వీపు పెట్టి, బస్తీ వైపే తిప్పి తీస్తాను, ప్రతి ఫొటో మీరు చూశాకే పంపుతాను అన్నాను.

ఆయన చాయ్ గ్లాసు పక్కన పెట్టారు. "మేం కాపలా కాసేటప్పుడు చూసేదీ ఆ వైపేనండి. ఆ ఫొటోలో మాకు తెలియనిదేముంది? మేజర్ సాబ్‌కి నేను చెప్తాను," అన్నారు.

మేజర్ ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. ఫొటో తీసేటప్పుడు సుబేదార్ నా పక్కనే నిలబడాలి. అలా ఆయనా నేనూ ఒకే గోడకు వీపులు ఆనించి, ఒకే గల్లీని చూస్తూ నిలబడ్డాం. అన్నేళ్ళుగా ఆ గోడకు కాపలా ఉన్నా ఆయన ఇవతల నేల మీద తీరిగ్గా నిలబడి గల్లీని చూడటం అదే మొదలట, పనికి వచ్చినప్పుడల్లా చూపు గోడ మీదేనట. పైనుంచి చూస్తే ఇళ్ళ రేకులే కనిపిస్తాయట. "ఇళ్ళ ముందు ముగ్గులు కూడా ఉన్నాయండి," అన్నారు మెల్లగా.

మొదటి ఫొటో హెడ్డాఫీసు నుంచి తిరిగి వచ్చింది. మనుషులు ఎక్కువగా ఉన్నారు, పని కనిపించడం లేదు అని. నిజమే, ఫొటో అనగానే సగం బస్తీ మోరీకి అడ్డంగా నిలబడింది. పక్కకు జరగమని నేను అరిస్తే ఒక్కరూ జరగలేదు. గ్రేసమ్మ వచ్చి, పొట్టివాళ్ళను ముందు, పొడుగువాళ్ళను వెనక, అందరినీ మోరీకి ఒకే పక్కన వరసగా నిలబెట్టింది. పెళ్ళి ఫొటోలా వచ్చింది. మోరీ స్పష్టంగా పడింది. ఆమోదం వచ్చింది, డబ్బు వచ్చింది, జేసీబీ కూడా వచ్చింది. ఆ తర్వాత ప్రతి విడతకూ అదే వరస. కాంక్రీటు వేసిన ఫొటోలో ఒక ముసలామె మంచి చీర కట్టుకుని వచ్చింది. తూము పని మిలిటరీ వాళ్ళది కాబట్టి దానికి మా ఫొటో అక్కర్లేదు. వాళ్ళు చెప్పినట్టే తెరిచి ఊచలు బిగించారు.

చివరి బిళ్ళలు ఇంకా పరచకముందే వాన వచ్చింది.

ఆ మధ్యాహ్నం నేను హైటెక్ సిటీ ఫ్లైఓవర్ కింద ఇరుక్కున్నాను. రోడ్డంతా నీళ్ళు. బండి దిగి నిలబడితే పిక్కల దాకా వచ్చాయి. ఎక్కడి వాననీళ్ళు అక్కడి వాలు పట్టుకుని దిగిపోతాయి, మణికొండవి గోడబస్తీకే దిగుతాయి. గ్రేసమ్మకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను, కట్ చేసింది. చిన్నారావు గారు డ్యూటీలో ఫోన్ వాడరు. సార్‌కు చేస్తే, నా గొంతు విని చూద్దాం అనకుండా, పోతున్నా అన్నారు.

అప్పుడు ఫొటో వచ్చింది. వాన మసకలో గల్లీ మొత్తం. మోరీలో ఎర్రనీళ్ళు నిండుగా, కిందికి, ఫొటో తీసిన మనిషి కాళ్ళ వైపుకు ఉరుకుతున్నాయి. పక్కన దవాఖాన తలుపు తెరిచే ఉంది. లోపల లైటు. మెట్టు తడిసింది గానీ నీళ్ళు గుమ్మం దాటలేదు. బెంచీ మీద ముగ్గురు ఆడవాళ్ళు, కాళ్ళు నేల మీదే పెట్టుకుని కూర్చున్నారు.

వెంటనే గ్రేసమ్మే ఫోన్ చేసింది. వాన చప్పుడులో గట్టిగా మాట్లాడుతోంది.

"గొడుగేసుకుని గోడకాడ నిలబడ్డ చెల్లె, అందుకే ఎత్తలే. పైనున్న పిలగాడు విజిల్ కొట్టిండు, ఏ దిక్కు తీస్తున్నవమ్మా అని."

"ఏమన్నావక్కా?"

"మా దిక్కే అన్న. తీసుకో అన్నడు."